మా మేనేజరు ఇంటి గొడవ బ్రాంచి దాకా వచ్చింది, ఏం చేయమంటారు?

శనగచేను
మాది ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రం. బ్యాంకు బ్రాంచి. బ్యాంకు పేరు, ఊరి పేరు అడగొద్దు. నేను ఫీల్డ్ ఆఫీసర్ని, పంట రుణాలు చూస్తాను.

మా మేనేజరు వచ్చి రెండేళ్లు దాటింది. మొదటి ఏడాదిన్నర ఆయన కింద పని చేయడం నా అదృష్టం అనుకున్నాను. రైతు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే లోపలికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. జూన్‌లో వాళ్లావిడ పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. తప్పు ఎవరిదో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు కూడా. కానీ అప్పటినుంచి బ్రాంచి నడవడం లేదు.

పొద్దున పదింటికి ఆయన బల్ల మీద పెట్టిన ఫైలు సాయంత్రం నాలుగింటికి వెళ్లి చూస్తే అదే పేజీ దగ్గర తెరిచి ఉంటుంది. పక్కన టీ మీగడ కట్టి ఉంటుంది. ఫోను బోర్లా పెట్టుకుంటాడు. అది బల్ల మీద బుర్రుమన్నప్పుడల్లా మనిషి ఉలిక్కిపడతాడు, తీసి చూస్తాడు, మళ్లీ బోర్లా పెట్టేస్తాడు. ఆ తర్వాత ఎవరు లోపలికి వెళ్లినా వాళ్లకి మూడినట్టే. మొన్న క్యాషియర్ అమ్మాయిని కస్టమర్ల ముందే అరిచాడు. ఆమె చేసిన తప్పల్లా స్టేపుల్ పిన్ను ఎడమవైపు కొట్టడం.

నన్ను తినేస్తున్నది మాత్రం రైతుల సంగతి. రెన్యువల్ ఎలా జరుగుతుందో పల్లెటూళ్లవాళ్లకి తెలుసు. పాత అప్పు వడ్డీతో సహా కడితే కొత్తది ఇస్తాం. ఏడాదిలోపు కట్టినవాడికి మూడు శాతం రాయితీ పోను నాలుగు శాతమే పడుతుంది. చేతిలో డబ్బు లేనివాడు ఎరువుల కొట్టాయన దగ్గర రెండ్రోజులకని చేబదులు తెచ్చి కడతాడు, మూడో రోజు కొత్త లోను పడగానే తీర్చేస్తాడు. ఒక రైతు అలాగే లక్షన్నర తెచ్చి కట్టాడు. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ. మా సారు సంతకం పడక ఇవాళ్టికి 18 రోజులు. అంటే 1,800 రూపాయలు ఊరికే పోయాయి. బస్సెక్కి మూడుసార్లు వచ్చాడు. ఇలాంటి ఫైళ్లు 14 ఉన్నాయి. శాంక్షన్ చేసే పవర్ నాకు లేదు.

రీజనల్ ఆఫీసుకి చెబితే వెన్నుపోటు పొడిచినట్టు అనిపిస్తోంది. చెప్పకపోతే రైతు మునుగుతున్నాడు. ఏం చేయమంటారు?

ఉక్కుకోట
ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆర్.ఓ.కి మెయిల్ పెట్టు. జీతం తీసుకుంటున్నది పనికి. ఇల్లు ఇల్లే, ఆఫీసు ఆఫీసే. ఆ గీత గీసుకోలేనివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు.

గోదారిగట్టు
ఉక్కుకోట గారూ, గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు మనసు విడిచి వస్తామా? మనిషి ఒక్కడే కదండీ, ఇంటికొకడు, ఆఫీసుకొకడు ఉండరు.

ఉక్కుకోట
సర్దార్ పటేల్ విడిచి వచ్చాడు. 1909లో కోర్టులో కేసు వాదిస్తుండగా భార్య చనిపోయిందని టెలిగ్రాం వచ్చింది. చదివి జేబులో పెట్టుకుని వాదన పూర్తి చేశాకే ఎవరికైనా చెప్పాడు. నాయకుడు అంటే అదీ.

చరిత్రపిచ్చి
అది నిజమే, కానీ ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. అది ఒక్క పూట. శనగచేను చెబుతున్నది నెలల తరబడి సాగుతున్న సంగతి. చావుకి ఒక తేదీ ఉంటుంది. విడిపోయే కాపురానికి తేదీ ఉండదు, రోజూ కొత్తగా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది.

నన్నడిగితే అమెరికా అధ్యక్షులు ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. కాల్విన్ కూలిడ్జ్ కొడుకు 16 ఏళ్లవాడు. 1924లో వైట్‌హౌస్ టెన్నిస్ కోర్టులో సాక్సు లేకుండా ఆడాడు, కాలివేలికి బొబ్బ లేచింది, విషమెక్కి వారంలో పోయాడు. పెన్సిలిన్ ఇంకా రాలేదు. వాడితోపాటే అధ్యక్ష పదవికున్న వైభవమంతా పోయిందని కూలిడ్జ్ ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ఏడాది ఎన్నికల్లో గెలిచాడు, కుర్చీలో కూర్చున్నాడు, కానీ పాత ఉత్సాహం తిరిగి రాలేదని చాలామంది చరిత్రకారులు అంటారు. 1928లో మళ్లీ పోటీ చేయలేదు.

లింకన్ కొడుకు విల్లీ 1862 ఫిబ్రవరిలో పోయాడు, పదకొండేళ్లు. బయట అంతర్యుద్ధం. ఇంట్లో భార్య మంచం పట్టింది. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో బానిసల విముక్తి ప్రకటన తొలి రూపం విడుదల చేశాడు. ఒకే రకం దెబ్బకి ఇద్దరు రెండు రకాలుగా అయ్యారు. కాబట్టి ఇంటి బాధ ఉంటే పని చెడుతుందని గానీ, చెడదని గానీ కొట్టిపారేయలేం.

లెక్కలటీచరు
అయినా శనగచేను వాళ్ల సారు లింకన్ కాదు కదా. 14 ఫైళ్లు ఆగి ఉన్నాయి, ముందు అది చూడండి.

రిటైర్డ్_రావు
నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో 12 ఏళ్లు మేనేజర్‌గా. అందరూ ఇంటి గొడవలే మాట్లాడుతున్నారు. నా ఉద్యోగాన్ని ముంచబోయింది ఆఫీసులో స్నేహం.

నేను, మా అకౌంటెంటు ఒకే బ్యాచ్. పెళ్లిళ్లు కూడా ఒకే ఏడాది అయ్యాయి. పిల్లలు ఒకే స్కూలు. స్ట్రాంగ్‌రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర చెరొకటి ఉండాలి, ఇద్దరూ ఉంటేనే తెరవాలి, అది రూలు. నేను భోజనానికి ఇంటికెళ్తూ నా తాళం కూడా అతనికిచ్చి వెళ్లేవాణ్ని. అతన్ని అనుమానించినట్టు ఉంటుందని రిజిస్టర్‌లో కూడా రాసేవాణ్ని కాదు. బంగారం ప్యాకెట్లు తెరిచి తూకం చూడాల్సిన చోట చూడకుండానే సంతకం పెట్టేవాణ్ని. ఇన్‌స్పెక్షన్‌లో రెండు ప్యాకెట్లు తూకం తగ్గాయి. అతను తీశాడో, బంగారం తూచి విలువ కట్టే అప్రైజర్ మొదట్లోనే ఎక్కువ రాశాడో చివరికి తేలలేదు. డబ్బు ఇద్దరం కట్టాం. నాకు చార్జ్‌షీటు ఇచ్చారు, రెండు ఇంక్రిమెంట్లు ఆపేశారు. స్నేహం అక్కడితో తెగిపోయింది.

అతను దొంగ అని నేను ఇవాళ్టికీ అనను. నేను చూడాల్సింది చూసి ఉంటే అతని మీద ఆ మచ్చ పడేది కాదు. స్నేహితుడికి నేను చేసిన ద్రోహం అదే.

శనగచేనూ, మీ సారు ఇప్పుడు తాళాలు ఎవరికిస్తున్నాడో గమనించు. మనసు చెదిరిన మనిషి ముందు వదిలేసేది ఇలాంటి వాటినే.

శనగచేను
రావు గారూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పోయిన వారం రెండుసార్లు ఆయన తాళం కూడా నా చేతికిచ్చి బయటికెళ్లి ఫోన్ మాట్లాడాడు. నేను ఏమీ అనలేదు.

రిటైర్డ్_రావు
ఇకనుంచి అను. గట్టిగా అను. రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టించు. అందులో ఇద్దరికీ రక్షణ ఉంది.

బెజవాడ_బాబాయి
వెన్నుపోటు అనే మాట వాడావు కాబట్టి మనవాళ్లకి 1995 గుర్తు రాకుండా ఉండదు. 1985లో బసవతారకం గారు పోయారు. 1993లో ఎన్టీఆర్ లక్ష్మీపార్వతి గారిని పెళ్లి చేసుకున్నారు. 1994 డిసెంబర్‌లో 216 సీట్లు గెలిచారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1995 సెప్టెంబర్ 1న అల్లుడు ముఖ్యమంత్రి. అంత బలం ఉన్న నాయకుడికి ఇంటి గొడవే రాజకీయం అయిపోయింది.

కృష్ణాతీరం
ఇంటి గొడవ అని తేలిగ్గా అనకండి బాబాయ్. ఎమ్మెల్యేలని హోటల్లో పెట్టింది రాజకీయం, కాపురం కాదు.

బెజవాడ_బాబాయి
తప్పు ఫలానావాళ్లదని నేను అనలేదమ్మా. ఆమె జోక్యం అన్నవాళ్లు ఉన్నారు, పదవీకాంక్ష అన్నవాళ్లు ఉన్నారు. నేను చెప్పేది ఒకటే. పార్టీ, కుటుంబం ఒకటే అయిన చోట భోజనాల బల్ల దగ్గర వచ్చిన అలక మంత్రివర్గం దాకా పోతుంది. మధ్యలో అడ్డుగోడ ఏదీ ఉండదు.

మోడరేటర్
1995 మీద వేరే చర్చా దారం ఉంది, పార్టీల వాదన అక్కడ పెట్టుకోండి. ఇక్కడ శనగచేను అడిగినదానికి జవాబు చెప్పండి.

సర్పంచి_తమ్ముడు
కుటుంబం, పదవి ఒకటే అయిన చోటు చూడాలంటే మా ఇంటికి రండి. మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీల్లో సగం ఆడవాళ్లకి రిజర్వు. మా అక్క సర్పంచి. కాగితం మీద అక్క, కుర్చీలో బావ. సీలు బావ బండి డిక్కీలో ఉండేది. బిల్లులకి కావాల్సిన డిజిటల్ సంతకం డాంగిల్ కూడా ఆయన తాళాల గుత్తికే వేలాడేది.

సంక్రాంతికి పొలం పంపకం దగ్గర బావకీ మాకూ మాటా మాటా వచ్చింది. బావ అలిగి అక్కతో మాటలు మానేశాడు, డాంగిల్ తీసుకుని వాళ్ల చెల్లెలి ఊరు పోయాడు. బిల్లు పెట్టడానికి లేదు. ఊళ్లో ట్రాక్టర్ మీద చెత్త ఎత్తే నలుగురికి ఆ నెల జీతం రాలేదు. మా పొలం గొడవకీ వాళ్ల జీతానికీ ఏమిటి సంబంధం? అత్త మీద కోపం దుత్త మీద అంటారే, ఇక్కడ దుత్త ఆ నలుగురి ఇల్లు.

మంచి ఏం జరిగిందంటే, ఆ నెలలో అక్క మొదటిసారి ఒక్కతే పంచాయతీ ఆఫీసుకెళ్లింది. సెక్రటరీని పక్కన కూర్చోబెట్టుకుని ఏ ఖాతాలో ఎంత ఉందో రాయించుకుంది. బావ తిరిగొచ్చాక డాంగిల్ అడిగి తీసుకుంది. ఇప్పుడు అది అక్క చీర కొంగుకి ముడేసి ఉంటుంది.

లెక్కలటీచరు
కొంగున డాంగిల్! ఈ దారం మొత్తంలో నాకు నచ్చిన మాట ఇదే తమ్ముడూ.

డాలస్_మామ
ఇంకో రకం సంబంధం ఎవరూ ఎత్తలేదు. పై అధికారికీ కింద పనిచేసేవాళ్లకీ మధ్య ప్రేమ. 2018లో ఇంటెల్ సీఈఓ, 2019లో మెక్‌డొనాల్డ్స్ సీఈఓ, 2025లో నెస్లే సీఈఓ, ముగ్గురి పదవులూ దీనివల్లే పోయాయి. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరికీ ఇష్టమే కదా అని ఇక్కడ కూడా కొందరు అంటారు. ఇబ్బంది ఆ ఇద్దరికి కాదు, మిగతా టీమ్‌కి.

మా పాత ప్రాజెక్టులో లీడ్ భార్య అదే టీమ్‌లో ఉండేది. బాగా పనిచేసే అమ్మాయి, నేను ఒప్పుకుంటాను. రేటింగ్ బాగా వస్తే భర్త వేశాడనేవాళ్లు. ఒకసారి తక్కువ వస్తే, అనుమానం రాకూడదని కావాలనే తగ్గించాడన్నారు. ఆమె కష్టానికి ఎటుచూసినా విలువ లేకుండా పోయింది. చివరికి ఆమే వేరే టీమ్‌కి మారింది.

వైజాగ్_వాసు
మంచి సంబంధం వల్ల ఎదిగినవాళ్ల గురించి కూడా చెప్పాలిగా. 1981లో సుధామూర్తి గారు దాచుకున్న 10,000 రూపాయలు ఇవ్వబట్టే ఇన్ఫోసిస్ మొదలైంది. ఇల్లు గట్టిగా ఉంటేనే బయట నాయకుడు.

ఓరుగల్లు_వాణి
వాసూ, ఆ కథలో రెండో సగం కూడా చెప్పు. టెల్కోలో, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌లో, చేరిన మొదటి మహిళా ఇంజనీరు ఆమె. భార్యాభర్తలిద్దరూ కంపెనీలో ఉండకూడదని నారాయణమూర్తి గారు అనుకున్నారు, ఆమె బయటే ఉండిపోయింది. కంపెనీకి అది మంచి నియమమే కావచ్చు. కానీ మగ నాయకుడి వెనక ఇల్లు గట్టిగా ఉందంటే ఆ గట్టితనం కోసం ఎవరో ఒకరు ఏదో వదులుకున్నారని అర్థం. శనగచేను సారు మొదటి ఏడాదిన్నర అంత బాగా పనిచేశాడంటే ఇంట్లో ఆ పాప హోంవర్క్, జ్వరం, ఫీజు ఎవరు చూశారో ఒక్కసారి ఆలోచించండి. బ్రాంచి ఎనిమిదింటికి మూసి వెళ్లే మనిషి ఇంట్లో భార్య ఎన్ని రాత్రులు ఒక్కతే తిన్నదో మనకి తెలియదు. పని ఇంటిని తిన్నదేమో. ఇప్పుడు ఇల్లు పనిని తింటోంది.

శనగచేను
వాణి గారూ, ఇది నాకు తట్టలేదు. నిజంగానే ఆయన ఆదివారాలు కూడా వచ్చేవాడు. మేము దాన్ని మెచ్చుకునేవాళ్లం.

నర్సక్క
పొద్దుటినుంచి చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అని. నేను హెడ్ నర్సుని, ప్రభుత్వ ఆసుపత్రిలో. నా కింద 22 మంది సిస్టర్లు. 2019లో మా ఆయన తాగుడు ముదిరింది. రాత్రంతా ఆయన కోసం మేలుకుని పొద్దున ఏడింటికి డ్యూటీలో ఉండేదాన్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. వార్డులో అందరూ దండం పెట్టేవాళ్లు.

నా పనిలో ఏ లోటూ లేదనే నా నమ్మకం. డ్యూటీ చార్ట్ నేనే రాస్తాను. ఒక నెల ఒకే అమ్మాయికి రాత్రి డ్యూటీ వేసి, మర్నాడు పొద్దున డ్యూటీ కూడా వేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ అమ్మాయి నాకు చెప్పడానికి భయపడి చేసేసింది. మూడోసారి ఇంజెక్షన్ ఎక్కిస్తూ కళ్లు మూతపడ్డాయి. పక్క సిస్టర్ చూసి పట్టుకుంది. రోగికి ఏమీ కాలేదు. అది దేవుడి దయ, నా గొప్ప కాదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఇంకో సంగతి తేలింది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయిని భర్త రోజూ బండి మీద దింపి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి వెళ్లేవాడు. నేను మెట్ల మీదనుంచి చూసేదాన్ని. కారణం లేకుండా ఆమె మీద నాకు కోపంగా ఉండేది. చార్ట్‌లో పెన్ను ఆమె పేరు దగ్గరికే ఎందుకు వెళ్లిందో అప్పుడు అర్థమైంది. కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే.

మర్నాడు హ్యాండోవర్‌లో అందరి ముందు రెండు మాటలు చెప్పాను. "మా ఇంట్లో బాగాలేదు, నాకు నిద్ర లేదు. నేను రాసిన చార్ట్ మీరిద్దరు చూశాకే గోడకి అంటించండి." ఆ అమ్మాయిని విడిగా పిలిచి క్షమించమన్నాను. వాళ్లకి ముందే అంతా తెలుసట. చెప్పకపోవడం వల్ల నా మొహం చూసి రోజూ వాళ్లలో వాళ్లు లెక్కలు వేసుకునేవాళ్లట, ఇవాళ అక్క దగ్గరికి పోవచ్చా లేదా అని. ఆ లెక్కలోనే వాళ్ల సగం ఓపిక అయిపోయేది.

మీ సారుకి చెప్పే మనిషి కావాలి బాబూ. ఆర్.ఓ. మెయిల్ ఆ తర్వాత.

గోదారిగట్టు
అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

ఉక్కుకోట
నర్సక్క గారూ, మీరు ఒప్పుకున్నారు కాబట్టి బాగుపడింది. ఒప్పుకోని మేనేజర్ల కింద నేను ఆరేళ్లు చేశాను. అందుకే నా మాట కటువుగా వచ్చింది. ముందు ఆయనతో మాట్లాడమనడం సరే. కానీ గడువు పెట్టుకోండి. రైతు వడ్డీకి సానుభూతి తెలియదు.

లెక్కలటీచరు
ఉక్కుకోట చెప్పిన గడువు మాట నాకూ నచ్చింది. శనగచేనూ, కాపురం ఊసెత్తకు. "సార్, మీకు ఇంట్లో ఇబ్బంది అట కదా" అని మొదలుపెడితే తలుపు మూసేస్తాడు. 14 ఫైళ్ల కాగితం ఒకటి రాసి పట్టుకెళ్లు. ఏ రైతు, ఎన్ని రోజులు, బయట వడ్డీ ఎంత.

చరిత్రపిచ్చి
ఆయన రాత్రిళ్లు నిద్రపోని స్థితిలో ఉంటే మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే టెలి-మానస్ నంబర్ 14416 ఒక చీటీ మీద రాసివ్వు. కేంద్ర ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎవరి ముందూ కూర్చోవాల్సిన పని లేదు కాబట్టి మగవాళ్లు కూడా ఒప్పుకుంటారు. మా అన్నయ్యకి ఉపయోగపడింది.

శనగచేను
కొన్ని రోజుల తర్వాత రాస్తున్నాను.

సోమవారం క్యాష్ క్లోజ్ అయ్యాక రెండు టీలు తెప్పించి లోపలికెళ్లాను. టీచరు గారు చెప్పినట్టు కాగితం ఇచ్చాను. 14 పేర్లు. మొదటి పేరు పక్కన 18 కొట్టేసి 22 అని రాశాను. ఆయన ఆ అంకె దగ్గరే ఆగిపోయాడు. "ఇరవై రెండు రోజులా? నేను నాలుగైదు రోజులు అనుకుంటున్నానయ్యా" అన్నాడు. నిజంగానే తెలియలేదు ఆయనకి. టీ ఈసారి తాగాడు.

ఆ రాత్రి తొమ్మిది వరకు కూర్చుని 9 ఫైళ్లు చేశాం. మిగతా 5 ఫైళ్లలో కాగితాలు తక్కువ ఉన్నాయి, అది నా పని. వెళ్లేటప్పుడు తనంతట తనే చెప్పాడు, ఒంగోలు కోర్టులో వాయిదా ఉందని, పాపను చూసి రెండు నెలలయిందని. నేను ఏమీ అనలేదు, విన్నాను. చీటీ ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ చేశాడో లేదో నేను అడగను.

మర్నాడు ఆయనే ఆర్.ఓ.కి రాసి పది రోజులు లీవు పెట్టుకున్నాడు. పక్క బ్రాంచి మేడమ్ ఇన్‌చార్జిగా వచ్చారు. వెళ్లే ముందు క్యాషియర్ అమ్మాయి కౌంటర్ దగ్గరికెళ్లి ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు. ఆ అమ్మాయి మాత్రం లేచి నిలబడింది.

ఉక్కుకోట
మెయిల్ ఆయనే పెట్టుకున్నాడంటే మంచి పని జరిగింది. ఆ మొదటి రైతుకి డబ్బు పడిందా?

శనగచేను
మంగళవారం పొద్దున్నే పడింది. కొట్టాయనకి 2,200 వడ్డీ కట్టాడు. అది మాత్రం ఎవరూ తిరిగివ్వలేరు.

ఓరుగల్లు_వాణి
పది రోజుల్లో ఆ పాపను చూడనిస్తే బాగుండు.

రిటైర్డ్_రావు
అంతా బాగానే ఉంది నాయనా. లీవులో వెళ్లేటప్పుడు తాళం మేడమ్ గారికి అప్పజెప్పినట్టు రిజిస్టర్‌లో రాయించావా?

శనగచేను
రాయించాను రావు గారూ. టైమ్‌తో సహా, ముగ్గురి సంతకాలతో.